యంత్రం ముంగిట పౌరుడు

గౌతమీ వశిష్ఠ పాయల నడుమ, ఒకవైపు బంగాళాఖాతం హద్దుగా, త్రికోణాకృతిలో ఒదిగిన పచ్చని సీమ కోనసీమ. వైనతేయ పాయ ఈ సీమను చీల్చుకొంటూ సాగరంలో కలుస్తుంది. 1852లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల నీరు ఊరూరా ప్రవహించి, వరిచేలతో, కొబ్బరితోటలతో ఈ నేలను అన్నపూర్ణగా మార్చింది. అయితే నీరు ఈ సీమకు ఎంత సంపదో అంత అడ్డంకి కూడా. ఎదుటి ఊరు కంటికి కనిపించే దూరంలోనే ఉన్నా, నడుమ పాయ ఉన్నచోట రేవులో పడవకోసమో, వాహనాలను సైతం దాటించే పంటుకోసమో ఎదురుచూడక తప్పేది కాదు. యానాం–ఎదుర్లంక వంతెన, చించినాడ వంతెన, బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన వంటివి వచ్చిన తరువాత ఈ ఎదురుచూపు చాలావరకు తగ్గింది. కాలువగట్లమీద సైకిళ్లు తిరిగిన దారుల్లో మోటారు సైకిళ్లు, ఆటోలు, కొబ్బరికాయల లారీలు తిరగసాగాయి.

వాహనం ఇంటికి వచ్చిందంటే దానివెంట కాగితాలూ వస్తాయి. బండికి రిజిస్ట్రేషను కావాలి. నడిపేవారికి లైసెన్సు కావాలి. ఈ రెండింటికోసం రాజోలు, కొత్తపేట ప్రాంతాల పల్లెవాసి ఒక దినం పనిమానుకొని పట్టణానికి ప్రయాణం కట్టవలసి వచ్చేది. వ్యవసాయ కూలీకి ఆ దినం అంటే ఒకనాటి కూలి. ఆటో నడిపేవానికి ఒకనాటి సంపాదన. విద్యార్థికి ఒకనాటి పాఠాలు. ఏదో ఒక కాగితం తక్కువైందని తిప్పిపంపితే మరొక దినం కూడా పోయినట్లే. ఒక కాగితం ధర దానికి చెల్లించిన రుసుము మాత్రమే కాదు, దానికోసం వెచ్చించిన కాలం కూడా. ఈ రెండవ ధరను తగ్గించాలన్న ఆలోచననుండి పుట్టినవే స్వయంసేవా యంత్రాలు, వాటి వెంట వచ్చిన ఇంటింటి రవాణా సేవలు. ఈ మార్పు ఎలా జరిగింది, దానివల్ల పౌరునికి ఒనగూరినదేమిటి, యంత్రానికి అప్పగించదగినదేది, అప్పగించరానిదేది అన్న విషయాలు వాహనం నడిపే వయస్సుకు చేరుకొంటున్న ప్రతి విద్యార్థీ తెలుసుకోదగినవి.

రెండు కాగితాలు – రెండు హామీలు

మోటారు వాహనాలు మన దేశంలో తిరగడం మొదలైన కొద్దికాలానికే వాటిని క్రమబద్ధం చేయవలసిన అవసరం ఏర్పడింది. 1914లో భారత మోటారు వాహనాల చట్టం వచ్చింది. దాని స్థానంలో 1939లో మరొక చట్టం, దాని స్థానంలో 1988లో ప్రస్తుత చట్టం రూపొందాయి. 1988నాటి చట్టం 1989 జులై 1నుండి అమలులోకి వచ్చింది. 2019లో దీనికి విస్తృతమైన సవరణలు జరిగాయి.

ఈ చట్టం కోరే పత్రాలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది వాహనాన్ని గురించినది. రిజిస్ట్రేషను పత్రాన్ని మన పల్లెల్లో నేటికీ 'సి బుక్కు' అనే వ్యవహరిస్తారు. ఈ వాహనం ఎవరిది, దాని ఛాసిస్ సంఖ్య ఏది, ఇంజను సంఖ్య ఏది, దానిమీద అప్పు ఉన్నదా లేదా అన్న వివరాలకు అది ప్రభుత్వం ఇచ్చే హామీ. సొంత అవసరాలకు వాడే వాహనానికి ఈ రిజిస్ట్రేషను పదిహేనేళ్లపాటు చెల్లుతుంది. రెండవది మనిషిని గురించినది. ఈ వ్యక్తికి వాహనం నడపడం వచ్చునని, రహదారి నియమాలు తెలుసునని, ఇతనివల్ల తోటివారికి ప్రమాదం కలగదని నమ్మవచ్చునని లైసెన్సు తెలియజేస్తుంది.

ఈ రెండింటికీ గల భేదం చాలా ముఖ్యమైనది. వాహనాన్ని గురించిన వివరాలు చాలావరకు అంకెలు, అక్షరాలు. వాటిని సరిచూడవచ్చు, పోల్చవచ్చు, ఒకచోటినుండి మరొకచోటికి క్షణాల్లో పంపవచ్చు. మనిషి నైపుణ్యం అంకె కాదు. దానిని చూసి నిర్ణయించాలి. యంత్రం ఎంతవరకు పనిచేయగలదన్న ప్రశ్నకు సమాధానం ఈ భేదంలోనే ఉంది.

వరమిచ్చే దేవుడు – అడ్డుపడే పూజారి

కంప్యూటర్లు రాకముందు రవాణా కార్యాలయాల పని అంతా దస్త్రాలమీద సాగేది. దరఖాస్తులు అనేక రకాలు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క నమూనా. ఏ నమూనాలో ఏమి రాయాలో, దానికి ఏమేమి జతచేయాలో, ఏ బల్లవద్ద ఇవ్వాలో తెలియక సామాన్యుడు తికమకపడేవాడు. ఆ తికమకే దళారికి పెట్టుబడి. కార్యాలయం బయట చెట్టుకింద బల్ల వేసుకొని కూర్చున్న ఏజెంటు దరఖాస్తు నింపేవాడు, వరుసలో నిలబడేవాడు, ఎవరిని కలవాలో చెప్పేవాడు. అందుకు ప్రభుత్వ రుసుముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ తీసుకొనేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇటువంటి స్థితిని గురించి పుట్టినదే.

దళారిని నిందించడం తేలిక. కాని అతడు ఎందుకు పుట్టాడో ఆలోచించాలి. నియమాలు జటిలంగా ఉండి, సమాచారం అందరికీ అందుబాటులో లేనప్పుడు, తెలిసినవాడు తెలియనివానివద్ద ధర వసూలు చేస్తాడు. కనుక దళారిని తొలగించాలంటే అతణ్ణి తరిమివేస్తే సరిపోదు; అతనికి మాత్రమే తెలిసిన విషయాన్ని అందరికీ తెలియజేయాలి. స్వయంసేవా యంత్రంలోని అసలు ప్రయోజనం ఇదే. అది ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ, తరువాతి మెట్టు ఏదో తానే చూపుతుంది. చెల్లించవలసిన రుసుమెంతో ముందుగానే తెరమీద చూపి, చెల్లించినదానికి రసీదు ఇస్తుంది.

తెలుగునేలమీద తొలి అడుగులు

ఇరవై ఒకటవ శతాబ్దపు తొలినాళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రవాణాశాఖ తన కార్యాలయాలను కంప్యూటరీకరించే పనికి పూనుకొంది. పౌరులకు అనుకూలమైన సేవలు అన్న అర్థమిచ్చే పేరుతో చేపట్టిన ఈ పథకాన్ని సి.ఎఫ్.ఎస్.టి. అని పిలిచేవారు. లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు, పన్నులు, పర్మిట్లు మొదలైనవాటి వివరాలు దస్త్రాలనుండి కంప్యూటరులోకి చేరాయి. అంతవరకు ఒక గదిలోని బీరువాలో ఉన్న సమాచారం తీగలగుండా ప్రయాణించగలిగింది. తరువాత వచ్చిన మార్పులన్నింటికీ ఇదే పునాది.

అదే కాలంలో, 2001లో, హైదరాబాదులో 'ఈ–సేవ' కేంద్రాలు ప్రారంభమయ్యాయి. కరెంటు బిల్లు, నీటి బిల్లు చెల్లించే కౌంటరులోనే వాహనపన్ను చెల్లించడం, చిరునామా మార్పుకు దరఖాస్తు చేయడం వంటి రవాణాశాఖ పనులు కూడా చేర్చారు. ఒక శాఖకు ఒక కార్యాలయం అన్న పాత పద్ధతికి బదులు, పౌరునికి ఒక కౌంటరు అన్న కొత్త పద్ధతి అప్పుడు రూపుదిద్దుకొంది. 2002లో ఈ ప్రయోగం పల్లెలకు చేరింది. కోనసీమకు వశిష్ఠ ఆవలి ఒడ్డున ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ–సేవ కేంద్రాలు వెలిశాయి. స్వయంసహాయక సంఘాల మహిళలు కొన్ని కేంద్రాలను నిర్వహించారు. పొదుపు సంఘంలో లెక్కలు రాయడం నేర్చిన మహిళ కంప్యూటరు ముందు కూర్చొని ఊరివారి పనులు చేసిపెట్టడం ఆనాటికి కొత్త దృశ్యం.

2011 నవంబరులో 'మీ సేవ' ప్రారంభమైంది. రాష్ట్ర విభజన తరువాత 2019 అక్టోబరు 2న కాకినాడ సమీపంలోని కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థకు ప్రారంభోత్సవం జరిగింది. అదే సంవత్సరం ఆరంభంలో ఆంధ్రప్రదేశ్‌లో వాహనాలకు జిల్లాకొక సంకేతం అన్న పద్ధతి పోయి, రాష్ట్రమంతటికీ ఒకే సంకేతంగా ఏ.పి. 39 వచ్చింది. అంతకుముందు తూర్పు గోదావరి బండిని ఏ.పి. 05 అన్న అంకెనుబట్టి గుర్తుపట్టేవారు. ఆ గుర్తింపు పోయినందుకు కొందరు చింతించినా, ఏ వాహనం వివరాలనైనా ఏ ఊరినుండైనా చూడగల కాలంలో జిల్లా సంకేతానికి పూర్వపు ప్రాధాన్యం లేదు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. అంతవరకు జిల్లాస్థాయి పనులకు గౌతమి దాటి కాకినాడకు వెళ్లిన ప్రజలకు పరిపాలనా కేంద్రం దగ్గరయింది.

కియోస్కు అనగా నేమి?

'కియోస్కు' అన్న మాట మన భాషకు ఇంగ్లీషుద్వారా వచ్చినా, దాని మూలం తుర్కీ, పారశీక భాషల్లో ఉంది. ఉద్యానవనంలో నిర్మించిన చిన్న మండపాన్ని తుర్కీ భాషలో 'కోష్క్' అనేవారు. ఐరోపా చేరిన తరువాత ఆ మాట వీధిలోని వార్తాపత్రికల కొట్టుకు పేరయింది. నేడు అది మనిషి సహాయం లేకుండా సేవలందించే యంత్రానికి పేరుగా స్థిరపడింది. బ్యాంకుకు వెళ్లకుండానే డబ్బు తీసుకొనే ఏ.టి.ఎం. యంత్రం ఇటువంటిదే, రైల్వేస్టేషనులో టికెట్టు ఇచ్చే యంత్రమూ ఇటువంటిదే.

రవాణాసేవలందించే యంత్రం పనిచేసే తీరు ఆసక్తికరమైనది. పైకి కనిపించేది ఒక తెర, డబ్బు చెల్లించే ఏర్పాటు, ముద్రించే యంత్రం మాత్రమే. అసలు పని వెనుక జరుగుతుంది. వాహనదారు తన బండి సంఖ్యను, ఛాసిస్ సంఖ్యలోని చివరి అంకెలను నమోదు చేస్తాడు. అతని సెల్‌ఫోనుకు ఒక రహస్యసంఖ్య వస్తుంది. దానిని తెరమీద నమోదు చేయగానే, ఎదుట ఉన్నది ఆ వాహనదారే అని యంత్రం నమ్ముతుంది. తరువాత అది దూరాన ఉన్న సమాచార నిధిని ప్రశ్నిస్తుంది. బండికి బీమా ఉన్నదా? కాలుష్య పరీక్ష జరిగిందా? చెల్లించని జరిమానాలున్నాయా? బ్యాంకు అప్పు తీరిందా? పూర్వం నలుగురు గుమస్తాలు నాలుగు దస్త్రాలు తిరగవేసి చెప్పవలసిన సమాధానాలు క్షణాల్లో వస్తాయి. అన్నీ సరిగా ఉంటే రుసుము తీసుకొని పత్రం ఇస్తుంది. లేకుంటే ఏది లోపించిందో చెబుతుంది. మన దేశంలో వాహనాల సమాచారానికి 'వాహన్', లైసెన్సుల సమాచారానికి 'సారథి' అన్న వ్యవస్థలను జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం రూపొందించింది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇటువంటి యంత్రాలను పెద్ద సరుకుల దుకాణాల్లో నెలకొల్పారు. అక్కడ ప్రతి వాహనానికీ రిజిస్ట్రేషనును నిర్ణీత కాలానికొకసారి పునరుద్ధరించుకోవాలి. కూరగాయలు కొనడానికి వెళ్లిన వ్యక్తి అదే దుకాణంలో యంత్రం ముందు నిలబడి రుసుము చెల్లిస్తే, కొత్త పత్రమూ, నంబరు పలకకు అతికించే చీటీ అక్కడికక్కడే ముద్రణ అయి వస్తాయి. ఆ రాష్ట్రంలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు ఇది పరిచితమైన విషయమే. దుబాయిలో రహదారుల, రవాణా సంస్థ కూడా లైసెన్సులకు, వాహనాలకు సంబంధించిన పనులకోసం యంత్రాలను ఏర్పాటు చేసింది. రాజోలు ప్రాంతంనుండి జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు అనేకులు. అక్కడ డ్రైవర్లుగా పనిచేసినవారు స్వగ్రామానికి తిరిగివచ్చి, ఇక్కడి పద్ధతితో అక్కడి పద్ధతిని పోల్చడం సహజం.

మన నేలమీద ఈ మార్పు కొంత భిన్నమైన దారిలో సాగింది. మన పల్లెల్లో యంత్రం ఒంటరిగా రాలేదు. మనిషిని తోడు తెచ్చుకొంది. ఈ–సేవలోను, మీ సేవలోను, సచివాలయంలోను తెరకు, పౌరునికి నడుమ ఒక ఆపరేటరు ఉన్నాడు. అక్షరాస్యత, భాష, అలవాటు అన్నవి ఇందుకు కారణాలు. రవాణా కార్యాలయంలో పౌరుడు ఒంటరిగా యంత్రాన్ని ఎదుర్కొన్న సందర్భం ముఖ్యంగా ఒకటే: లెర్నర్ లైసెన్సు పరీక్ష. ఎల్.ఎల్.ఆర్. అని అందరూ పిలిచే ఈ అనుమతికోసం అభ్యర్థి తెరముందు కూర్చొని రహదారి గుర్తులను, నియమాలను గురించిన ప్రశ్నలకు మీట నొక్కి సమాధానాలివ్వాలి. కనీసం 60 శాతం సరైనవి కావాలి. ఫలితాన్ని యంత్రమే చెబుతుంది. గుమస్తా కుమారుడైనా, కూలి కుమార్తె అయినా యంత్రానికి ఒక్కటే. ముఖం చూసి బొట్టు పెట్టే అలవాటు దానికి లేదు.

ఈ ముఖం చూడని పద్ధతినే తరువాత కేంద్రప్రభుత్వం విస్తరించింది. 2021 మార్చిలో ఆధార్ ధ్రువీకరణ ఆధారంగా, కార్యాలయానికి వెళ్లకుండానే పొందగల 18 సేవలను ప్రకటించింది. 2022 సెప్టెంబరులో ఈ సేవల సంఖ్యను 58కి పెంచింది. లెర్నర్ లైసెన్సు, లైసెన్సు పునరుద్ధరణ, చిరునామా మార్పు, యాజమాన్య బదిలీ దరఖాస్తు మొదలైనవి వీటిలో ఉన్నాయి. డిజీలాకరులో భద్రపరచిన పత్రాలను అధికారులు చెల్లుబాటు అయ్యేవిగా గుర్తించడంతో కాగితాన్ని జేబులో మోయవలసిన అవసరమూ తగ్గింది. ఈ విధంగా దుకాణంలో నిలబడవలసిన యంత్రం చాలామంది విషయంలో అరచేతిలోని సెల్‌ఫోనుగా మారింది.

చేతి కాగితం తెచ్చే చేటు

ఇటువంటి సేవలు సౌకర్యంకోసం మాత్రమే అనుకోవడం పొరపాటు. ఒక్కొక్కసారి వీటిని వినియోగించుకోకపోవడం కుటుంబాన్నే కష్టాల్లోకి నెట్టవచ్చు. ఒక ఉదాహరణ చూడవచ్చు. ఒక రైతు తన పాత మోటారు సైకిలును పొరుగూరి వ్యక్తికి అమ్ముతాడు. తెల్లకాగితంమీద సంతకాలు చేసుకొంటారు, డబ్బు చేతులు మారుతుంది, తాళంచెవి ఇస్తాడు. రవాణా కార్యాలయానికి వెళ్లాలంటే ఒక దినం పోతుందని ఇద్దరూ వాయిదా వేస్తారు. ఆ వాయిదా నెలలవుతుంది, ఏళ్లవుతుంది. ఒకనాడు ఆ బండి ఒక బాటసారిని ఢీకొంటుంది. బండికి బీమా లేదు. నష్టపరిహారం ఎవరు చెల్లించాలి?

రిజిస్ట్రేషను పత్రంలో ఎవరి పేరు ఉన్నదో చట్టం దృష్టిలో యజమాని అతడే. బండి ఎందరి చేతులు మారినా, పత్రంలో పేరు మారనంతవరకు నష్టపరిహారపు బాధ్యతనుండి మొదటి యజమాని తప్పించుకోలేడని 2018లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. ఎన్నడో అమ్మిన బండికి, ఎన్నడూ చూడని ప్రమాదానికి ఆ రైతు తన పొలం అమ్మి పరిహారం చెల్లించవలసి రావచ్చు. ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగినప్పుడు అమ్మినవాడు 14 రోజుల్లోగా, కొన్నవాడు 30 రోజుల్లోగా ఆ విషయాన్ని తెలియజేయాలని చట్టం నిర్దేశించింది. పూర్వం ఈ పని వాయిదా వేయడానికి దూరం ఒక సాకుగా ఉండేది. దరఖాస్తు ఊరిలోనే చేయగలిగినప్పుడు ఆ సాకు చెల్లదు. సేవ దగ్గరకు వచ్చినకొద్దీ పౌరుని బాధ్యత పెరుగుతుందే గాని తగ్గదు.

యంత్రానికి అప్పగించరానిది

అంకెలను సరిచూడడంలో యంత్రం మనిషిని మించినదే. మనిషి నైపుణ్యాన్ని, వివేకాన్ని అంచనా వేయడంలో దాని పరిధి పరిమితమైనది. అందువల్లనే లెర్నర్ లైసెన్సు ఇంటివద్ద పొందినా, శాశ్వత లైసెన్సుకోసం అభ్యర్థి స్వయంగా వెళ్లి వాహనం నడిపి చూపాలన్నది సాధారణ నియమం. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. అది పొందిన తరువాత కనీసం 30 రోజులు గడిస్తేనే శాశ్వత లైసెన్సు పరీక్షకు హాజరు కావాలి. ఆ నెల రోజులు వాయిదా కోసం పెట్టినవి కావు, అభ్యాసం కోసం పెట్టినవి. మోటారు వాహనాల తనిఖీ అధికారిని పల్లెల్లో 'బ్రేకు ఇన్‌స్పెక్టరు' అంటారు. ఆ పేరులోనే అతని బాధ్యత తెలుస్తుంది. బండిని కదిలించడం ఎవరికైనా త్వరగా వస్తుంది. ఆపవలసిన చోట ఆపడం వచ్చిందో లేదో చూడడమే అసలు పరీక్ష.

కోనసీమ రహదారులు తెలిసినవారికి ఈ మాటలోని గాంభీర్యం వెంటనే అర్థమవుతుంది. ఒకవైపు నిండుగా ప్రవహించే కాలువ, మరొకవైపు చేను, నడుమ సన్నని గట్టుదారి. మలుపు తిరగగానే ధాన్యం బస్తాలతో ట్రాక్టరు ఎదురుకావచ్చు. ఆవు దూడతో అడ్డంగా నిలిచి ఉండవచ్చు. బడినుండి సైకిళ్లమీద పిల్లలు గుంపుగా వస్తూ ఉండవచ్చు. వీటిని తెరమీది ప్రశ్నలు కొంతవరకే పరీక్షించగలవు. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి, 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక తెలియజేసింది. అనగా సగటున దినానికి 460కి పైగా ప్రాణాలు. ఈ సంఖ్య ముందు, లైసెన్సు ఎంత త్వరగా వచ్చిందన్న ప్రశ్నకంటె, ఎంత యోగ్యంగా వచ్చిందన్న ప్రశ్నే ముఖ్యమైనది.

ఇక్కడే సాంకేతికతకు ఒక కొత్త పరీక్ష ఎదురవుతుంది. పరీక్ష ఇంటికి వచ్చినప్పుడు, దానిని ఎవరు రాస్తున్నారో గమనించడం కష్టమవుతుంది. అన్న రాయవలసినది తమ్ముడు రాయవచ్చు. ఇద్దరి బదులు సమాధానాలు తెలిసిన మూడవవాడు మీట నొక్కవచ్చు. చెట్టుకింది దళారి సెల్‌ఫోనులోకి మారాడే తప్ప మాయం కాలేదని అప్పుడు అనుకోవలసి వస్తుంది. దీనిని అరికట్టడానికి ముఖాన్ని గుర్తించే కెమెరాల వంటి ఏర్పాట్లు వస్తున్నాయి. కాని రహదారి గుర్తుల అర్థం తెలియకుండా సంపాదించిన అనుమతి, మలుపు దగ్గర ఏ కెమెరా చూడని క్షణంలో తన లోపాన్ని బయటపెడుతుంది. యంత్రాన్ని మోసగించవచ్చు గాని రహదారిని మోసగించలేము.

జూనియర్ కళాశాల విద్యార్థులకు ఈ విషయంలో మరొక హెచ్చరిక అవసరం. 16 సంవత్సరాలు నిండినవారు, తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అంగీకారంతో, 50 సి.సి.కి మించని మోటారు సైకిలుకు మాత్రమే అర్హులు. ఇతర సొంత వాహనాలకు 18 సంవత్సరాలు, రవాణా వాహనాలకు 20 సంవత్సరాలు నిండాలి. 2019 సవరణల ప్రకారం మైనరు నేరానికి అతని సంరక్షకుడు లేదా వాహన యజమాని బాధ్యుడవుతాడు. మూడేళ్లవరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ వాహనం రిజిస్ట్రేషను 12 నెలలపాటు రద్దవుతుంది. నేరం చేసిన మైనరుకు 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు పొందే అర్హత ఉండదు. కుమారునిమీద మమకారంతో తాళంచెవి ఇచ్చిన తండ్రి న్యాయస్థానంలో నిలబడవలసి రావడం ఏ కుటుంబానికైనా బాధాకరమే.

అందరికీ అందినప్పుడే సేవ

ఏ సదుపాయాన్నైనా దానిని సులువుగా వాడుకొన్నవారినిబట్టి కాక, వాడుకోలేకపోయినవారినిబట్టి కూడా అంచనా వేయాలి. రహస్యసంఖ్య సెల్‌ఫోనుకు వస్తుంది. కాని వృద్ధురాలైన వాహన యజమాని ఆధార్‌కు జతచేసిన ఫోను సంఖ్య ఎప్పుడో మారిపోయి ఉండవచ్చు. పత్రంలోని ఇంటిపేరుకు, ఆధార్‌లోని ఇంటిపేరుకు ఒక అక్షరం తేడా ఉండవచ్చు. గుమస్తా అయితే ఇద్దరూ ఒక్కరేనని గ్రహిస్తాడు, యంత్రం గ్రహించదు. లంక గ్రామాల్లో వరదల సమయంలో కరెంటు, నెట్‌వర్కు రెండూ పోవచ్చు. మీట ఎక్కడుందో కనిపించనివారికి, తెరమీది పదం అర్థంకానివారికి స్వయంసేవ అన్న మాట సహాయంలా కాక, ఒంటరితనంలా తోచవచ్చు. కనుక తెలుగులో తేట మాటలతో సూచనలు ఉండాలి. వినిపించే ఏర్పాటు ఉండాలి. యంత్రం కాదన్నప్పుడు వినిపించుకొనే మనిషి ఒకరు తప్పక ఉండాలి.

ఈ లోటును పూరించగలవారిలో విద్యార్థులు ముఖ్యులు. చదువుకొన్న యువకుడు తన తాతగారి లైసెన్సు గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసి చెప్పవచ్చు. బండి అమ్మిన పొరుగువారికి యాజమాన్య బదిలీ దరఖాస్తు చేయడం నేర్పవచ్చు. రహస్యసంఖ్యను ఫోనులో అడిగినవారికి చెప్పకూడదని అమ్మకు, అమ్మమ్మకు వివరించవచ్చు. చేసిపెట్టడంకంటె చేయడం నేర్పడం మేలు. చేసిపెట్టడంతో ఆగిపోతే ఊరికి మరొక ఏజెంటు తయారవుతాడు. నేర్పినప్పుడు మరొక స్వతంత్ర పౌరుడు తయారవుతాడు.

ఒకప్పుడు రేవు దాటించడానికి పడవవాడు అవసరమయ్యేవాడు. వంతెన వచ్చిన తరువాత ఎవరి కాళ్లతో వారు దాటుతున్నారు. ప్రభుత్వ సేవలకు స్వయంసేవా యంత్రం అటువంటి వంతెన. అయితే వంతెన ఆవలి ఒడ్డుకు చేర్చగలదు గాని, అక్కడ ఎలా నడుచుకోవాలో నేర్పలేదు. దరఖాస్తును సరిచూసే పని యంత్రానిది. నైపుణ్యాన్ని పరీక్షించే పని అధికారిది. సత్యాన్ని చెప్పి, నియమాన్ని పాటించే పని పౌరునిది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా చేతికి వచ్చేది కాగితమే అవుతుంది గాని, హామీ కాజాలదు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రవాణా సేవలు పౌరుని ముంగిటికి చేరిన క్రమాన్ని వివరించండి.
2. యంత్రానికి అప్పగించదగినవి, అప్పగించరానివి ఏవి? పాఠం ఆధారంగా చర్చించండి.

లఘు సమాధాన ప్రశ్నలు
1. రిజిస్ట్రేషను పత్రానికి, లైసెన్సుకు గల భేదమేమిటి?
2. దళారీ వ్యవస్థ ఏర్పడడానికి గల కారణాలను తెలపండి.
3. బండి అమ్మినప్పుడు యాజమాన్య బదిలీ జరగకపోతే కలిగే నష్టం ఏమిటి?
4. 'యంత్రాన్ని మోసగించవచ్చు గాని రహదారిని మోసగించలేము' – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.

ఏకపద, ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ధవళేశ్వరం ఆనకట్ట ఏ సంవత్సరంలో పూర్తయింది?
2. పల్లెల్లో 'బ్రేకు ఇన్‌స్పెక్టరు' అని ఎవరిని పిలుస్తారు?
3. 'కియోస్కు' అన్న మాటకు మూలం ఏ భాషల్లో ఉంది?